దుర్బల స్థితిలో ఉన్నవారిని వైద్య పరిశోధనలో చేర్చుకోవడం: ప్రశ్న నుంచి ఫలితం దాకా ఒక సమగ్ర మార్గదర్శి

2009 జూలైలో, అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో, భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాలకు చెందిన 10 నుంచి 14 ఏళ్ల బాలికలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను నివారించే హెచ్‌పీవీ టీకాలు వేయడం మొదలైంది. అమెరికాకు చెందిన పాత్ అనే సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేపట్టిన ఆ కార్యక్రమంలో టీకా వేయించుకున్నవారిలో ఆశ్రమ పాఠశాలల్లో, హాస్టళ్లలో ఉండి చదువుకునే గిరిజన బాలికలు ఎందరో ఉన్నారు. కొందరు బాలికల మరణాలపై ఆందోళన చెలరేగడంతో 2010 ఏప్రిల్‌లో కార్యక్రమాన్ని నిలిపివేశారు. ఆ మరణాలకు టీకాతో సంబంధం ఉండకపోవచ్చని ప్రభుత్వ విచారణ సంఘం అభిప్రాయపడింది. అయితే అదే విచారణలో 9,543 సమ్మతి పత్రాలను పరిశీలించగా, 2,763 పత్రాలపై హాస్టల్ వార్డెన్లు సంతకం చేసినట్టు, 1,948 పత్రాలపై వేలిముద్రలు మాత్రమే ఉన్నట్టు తేలింది. 2013 ఆగస్టులో పార్లమెంటు స్థాయీ సంఘం ఈ వ్యవహారాన్ని తీవ్రంగా తప్పుపట్టింది.

ఈ ఉదంతం నుంచి చాలామంది పరిశోధకులు నేర్చుకున్న పాఠం, గిరిజన ప్రాంతాల జోలికి వెళ్లకపోవడమే మేలన్నది. నా దృష్టిలో అది తప్పుడు పాఠం. ఆ టీకాలు అప్పటికే దేశంలో అనుమతి పొందినవి. క్రమం తప్పని పరీక్షలు అందుబాటులో లేని మహిళలే ఆ క్యాన్సర్‌కు ఎక్కువగా బలవుతారు కాబట్టి, ఆ బాలికలకు టీకా అవసరం పట్టణ బాలికలకంటే ఎక్కువే తప్ప తక్కువ కాదు. వారిని చేర్చుకోవడం తప్పు కాదు. తల్లిదండ్రుల దగ్గరికి వెళ్లడం కష్టం, వార్డెన్ దగ్గరికి వెళ్లడం సులువు అన్న లెక్క మీద సమ్మతి ప్రక్రియ నడవడం తప్పు. ఎవరినైనా కాపాడవలసింది ఆ లెక్క నుంచే. పీజీ థీసిస్ రాస్తున్న విద్యార్థి మొదలుకొని పెద్ద క్లినికల్ ట్రయల్ నడిపే ప్రధాన పరిశోధకుడి వరకు, ఈ పనిని ఏ వరుసలో చేయాలో కింద వివరిస్తున్నాను.

మొదటి దశ: ఈ వర్గమే ఎందుకు కావాలో రాతపూర్వకంగా తేల్చుకోండి

ప్రోటోకాల్, అంటే పరిశోధన ప్రణాళిక పత్రం, మొదటి ముసాయిదా రాయకముందే రెండు ప్రశ్నలకు జవాబు రాసుకోవాలి. ఈ పరిశోధన ప్రశ్న ఈ వర్గం వారి ఆరోగ్య అవసరానికి సంబంధించినదా? ఇదే ప్రశ్నకు ఇంతకంటే తక్కువ దుర్బల స్థితిలో ఉన్నవారిని అడిగి జవాబు రాబట్టలేమా? 1964లో మొదలై 2024 వరకు పలుమార్లు సవరణ పొందిన, వైద్య పరిశోధనకు అంతర్జాతీయ నైతిక సూత్రాలైన హెల్సింకి ప్రకటన సారాంశం కూడా ఇక్కడ ఇదే. మొదటి ప్రశ్నకు అవునని, రెండో ప్రశ్నకు రాబట్టలేమని జవాబు వచ్చినప్పుడే ముందుకు సాగాలి. అందరూ ఒకేచోట ఉంటారు, తప్పించుకుపోరు, ఫాలో-అప్ సులువు అనే కారణాలతో హాస్టల్‌నో జైలునో అనాథాశ్రమాన్నో ఎంచుకుంటున్నట్టయితే అక్కడే ఆగిపోవాలి. 1932 నుంచి 1972 వరకు అమెరికాలోని టస్కీగీలో 399 మంది సిఫిలిస్ రోగులైన నల్లజాతి పురుషులకు, పెనిసిలిన్ అందుబాటులోకి వచ్చిన తరువాత కూడా, చికిత్స ఇవ్వకుండా వ్యాధి ఎలా ముదురుతుందో చూస్తూ కూర్చున్నారు. పేదవారు, చదువు తక్కువవారు, వైద్యుడిని ప్రశ్నించే అలవాటు లేనివారు కావడం వల్లే అది నలభై ఏళ్లు సాగింది.

దీనికి ఎదురుగా ఉండే తప్పును కూడా అంతే జాగ్రత్తగా చూడాలి, ఎందుకంటే పరిశోధనల నైతికతను పరిశీలించి అనుమతినిచ్చే మన ఎథిక్స్ కమిటీలు దాన్ని తప్పుగా కాక జాగ్రత్తగా లెక్కవేస్తాయి. కొవిడ్ టీకాల తొలి ప్రయోగాల్లో గర్భిణులను చేర్చుకోలేదు. ఫలితంగా 2021 జనవరిలో టీకా కార్యక్రమం మొదలైనప్పుడు వారి విషయంలో సమాచారం లేదన్న కారణంతో గర్భిణులకు టీకా వేయవద్దని చెప్పవలసివచ్చింది. 2021 జూలై 2న గానీ కేంద్రం వారికి అనుమతి ఇవ్వలేదు. ఆ మధ్యలోనే దేశం రెండో వేవ్‌ను చూసింది. పరిశోధనలో లేనివారికి ప్రమాదం తప్పిపోదు. నియంత్రణ, పర్యవేక్షణ ఉన్న ట్రయల్‌లో ఎదురుకావలసిన ప్రమాదం ఏ పర్యవేక్షణా లేని వార్డులో ఎదురవుతుంది, అంతే తేడా. ఉగాండా, కెన్యా, టాంజానియాల్లో తీవ్ర జ్వరంతో, రక్తప్రసరణ దెబ్బతిని ఆసుపత్రికి వచ్చిన పిల్లలపై జరిగి 2011లో వెలువడిన ఫీస్ట్ ట్రయల్ ఇందుకు మరో ఉదాహరణ. అంతవరకు అందరూ మేలు చేస్తుందనుకున్న చికిత్స, అంటే సెలైన్‌ను వేగంగా ఎక్కించడం, ఆ పిల్లల్లో 48 గంటల్లోపు మరణాలను తగ్గించకపోగా 7.3 శాతం నుంచి 10.5 శాతానికి పెంచింది. పిల్లలు దుర్బలులు కాబట్టి వారిపై పరిశోధన వద్దని అనుకుని ఉంటే ఆ హాని ఇంకా ఎన్నేళ్లు సాగేదో!

రెండో దశ: దుర్బలత్వం ఎక్కడి నుంచి వస్తోందో విడదీసి చూడండి

భారత వైద్య పరిశోధన మండలి 2017లో ప్రచురించిన జాతీయ నైతిక మార్గదర్శకాలలో దుర్బల వర్గాల జాబితా ఉంది: పిల్లలు, గర్భిణులు, బాలింతలు, గిరిజనులు, ఆర్థికంగా సామాజికంగా వెనుకబడినవారు, వలస కార్మికులు, నిరాశ్రయులు, ఖైదీలు, మానసిక అస్వస్థత లేదా జ్ఞాపకశక్తి లోపం ఉన్నవారు, అవసాన దశలోని రోగులు, చిన్నచూపుకు గురయ్యే జబ్బులు ఉన్నవారు, పై అధికారికి లోబడి ఉండే విద్యార్థులు, ఉద్యోగులు, సైనికులు. ఈ జాబితాను ప్రోటోకాల్‌లో అతికించి, తగిన జాగ్రత్తలు తీసుకుంటామని ఒక్క వాక్యం రాసేస్తే ఏ ఉపయోగమూ లేదు. ఆ జాగ్రత్తలేమిటో తెలియాలంటే, మీ పరిశోధనలో పాల్గొనబోయే మనిషిని ఏ పరిస్థితి దుర్బలం చేస్తోందో విడివిడిగా రాయాలి.

పాడేరు ఏజెన్సీలో సికిల్ సెల్ వ్యాధిపై అధ్యయనం చేస్తున్నారనుకుందాం. రోగి తల్లికి తెలుగు అంతంతమాత్రంగానే వచ్చి ఉండవచ్చు. అది భాషా సమస్య, దానికి పరిష్కారం ఆ భాష మాట్లాడే దుబాసీ. మీరు పనిచేసే ఆసుపత్రి తప్ప ఆమెకు మరో ఆసుపత్రి అందుబాటులో లేకపోవచ్చు. అది ఆధారపడటం వల్ల వచ్చే సమస్య, పరిశోధనలో చేరకపోయినా వైద్యం ఆగదన్న హామీ ఆమెకు మాటల్లో కాక ఆచరణలో కనిపించాలి. రోజు కూలి పోతే ఇంట్లో పొయ్యి వెలగని పరిస్థితి ఉండవచ్చు. అది ఆర్థిక సమస్య. కుటుంబంలో నిర్ణయం భర్తదో అత్తదో కావచ్చు. అప్పుడు ఆమెతో ఒంటరిగా మాట్లాడే ఏర్పాటు కావాలి. ఒకే మనిషిలో నాలుగు వేర్వేరు సమస్యలు, నాలుగు వేర్వేరు పరిష్కారాలు. అదే గిరిజన తెగలో పుట్టి డిగ్రీ చదివి, సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) కార్యాలయంలో ఉద్యోగం చేస్తున్న యువతికి వీటిలో ఒక్కటి కూడా వర్తించకపోవచ్చు. ఆమెను తెగ పేరుతోనే దుర్బలురాలని లెక్కించడం అవమానం.

చాలామంది తమవైపు చూసుకోని సందర్భం ఒకటుంది. వైద్య కళాశాలలో విభాగాధిపతి తన విద్యార్థులనే వాలంటీర్లుగా తీసుకోవడం. ఆ విద్యార్థి చదువుకున్నవాడే, తెలివైనవాడే. కానీ ప్రాక్టికల్ మార్కులు వేసే చేతులే సమ్మతి పత్రం ముందు పెడితే కాదనగల ధైర్యం ఎందరికుంటుంది? అటువంటి చోట చేర్చుకునే బాధ్యతను విభాగంతో సంబంధం లేని మరొకరికి అప్పగించాలి. ఎవరు చేరారో, ఎవరు చేరలేదో విభాగాధిపతికి తెలియకూడదు.

మూడో దశ: ప్రోటోకాల్ గట్టిపడకముందే వారితో మాట్లాడండి

అంతా నిర్ణయించుకుని, ఎథిక్స్ కమిటీ అనుమతి కూడా తెచ్చుకుని, అప్పుడు గ్రామ సభకు వెళ్లి వివరించడాన్ని సంప్రదింపు అనలేం. రక్త నమూనా ఎన్నిసార్లు తీయాలి, ఏ కాలంలో రావాలి, ఇంటికి వస్తే ఇరుగుపొరుగు ఏమనుకుంటారు వంటి విషయాలు మార్చగలిగే దశలోనే వినాలి. పోడు పనులు, తునికాకు సేకరణ ముమ్మరంగా ఉండే రోజుల్లో ఫాలో-అప్ పెట్టుకున్న అధ్యయనం, పాల్గొన్నవారిని నిర్లక్ష్యపరులని నిందించే అర్హతను ముందే కోల్పోతుంది.

గ్రామపెద్ద, సర్పంచ్, ఐటీడీఏ ప్రాజెక్టు అధికారి, ప్రధానోపాధ్యాయుడు, వీరందరి అనుమతి అవసరం కావచ్చు. అది గడప దాటడానికి మాత్రమే పనికివస్తుంది. లోపలికి వెళ్లాక ప్రతి వ్యక్తి సమ్మతినీ విడిగా తీసుకోవాలని జాతీయ మార్గదర్శకాలు స్పష్టంగా చెబుతున్నాయి. దక్షిణాఫ్రికాలోని సాన్ తెగవారు 2017లో తమపై పరిశోధన చేయదలచినవారికి తామే ఒక నియమావళిని రూపొందించి ఇచ్చారు. గౌరవం, నిజాయతీ, న్యాయం, శ్రద్ధ అందులోని ప్రధాన విలువలు. చెంచులో కొండరెడ్లో తమ షరతులను తామే రాసి పరిశోధకుల ముందుంచే రోజు మన దగ్గర ఎప్పుడొస్తుందో గానీ, ఈలోగా స్థానికులతో ఒక సలహా బృందాన్ని ఏర్పరచి, అందులో ఉద్యోగులకంటే రోగులు, తల్లులు ఎక్కువగా ఉండేలా చూడటం మన చేతిలో ఉన్న పనే.

నాలుగో దశ: ఎథిక్స్ కమిటీకి అసలు విషయం చెప్పండి

2019 నాటి కొత్త ఔషధాలు, క్లినికల్ ట్రయల్స్ నియమాల ప్రకారం కమిటీలో కనీసం ఏడుగురు ఉండాలి. వైద్యేతరులు, న్యాయ నిపుణులు, మహిళ, సాధారణ పౌరుడు ఉండాలి. కనీసం సగం మంది ఆ సంస్థతో సంబంధం లేనివారై ఉండాలి. గిరిజనుల గురించిన అధ్యయనమైతే ఆ వర్గాన్ని ఎరిగిన వ్యక్తిని ప్రత్యేక ఆహ్వానితుడిగా పిలవమని మీరే కోరండి. ఔషధ ప్రయోగం కాని అధ్యయనాలను పరిశీలించే కమిటీ కూడా ఆరోగ్య పరిశోధన విభాగం దగ్గర నమోదై ఉందో లేదో చూసుకోవాలి. క్లినికల్ ట్రయల్ అయితే మొదటి వ్యక్తిని చేర్చుకోకముందే క్లినికల్ ట్రయల్స్ జాతీయ రిజిస్ట్రీ (సీటీఆర్‌ఐ)లో నమోదు చేయాలి.

అధ్యయనానికి పెట్టే పేరుతో బాధ్యత తగ్గదు. ఖమ్మంలో జరిగినదాన్ని ప్రదర్శనాత్మక ప్రాజెక్టు అన్నారు; ట్రయల్ కాదు కాబట్టి ట్రయల్‌కు ఉండవలసిన పర్యవేక్షణ అక్కర్లేదన్న ధోరణి దుష్ప్రభావాల నమోదు వరకూ పాకింది. మీ పనిని సర్వే అనండి, పైలట్ అనండి. ఒక మనిషి శరీరంలోకి ఏదైనా వెళుతోందా, ఆ తరువాత ఏమవుతుందో చూసే బాధ్యత ఎవరిది అన్న ప్రశ్నలకు జవాబు మాత్రం ప్రోటోకాల్‌లో ఉండి తీరాలి.

కొన్ని వర్గాల విషయంలో కమిటీ అనుమతి ఒక్కటే చాలదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 99వ సెక్షన్ ప్రకారం, సమ్మతి ఇవ్వలేని స్థితిలో ఉండి, పాల్గొనడాన్ని ప్రతిఘటించని వ్యక్తిని చేర్చుకోవాలంటే రాష్ట్ర మానసిక ఆరోగ్య ప్రాధికార సంస్థ అనుమతి కావాలి. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం దివ్యాంగులపై పరిశోధనకు వారికి అందుబాటులో ఉండే రూపంలో తీసుకున్న సమ్మతితో పాటు, కనీసం సగం మంది దివ్యాంగులో వారి సంఘాల ప్రతినిధులో ఉన్న కమిటీ ముందస్తు అనుమతి కూడా అవసరం. ఈ రెండో నియమం గురించి తెలిసిన పరిశోధకులు తక్కువ.

ఐదో దశ: సమ్మతి

ఇక్కడే ఎక్కువ సమయం వెచ్చించాలి. సమ్మతి పత్రం ఎంత పొడవుంటే అంత భద్రత అనుకోవడం మన సంస్థలకు అలవాటు. ఆంగ్లంలో తయారైన పత్రాన్ని గ్రాంథిక తెలుగులోకి మార్చి, యాదృచ్ఛిక కేటాయింపు, ప్రతికూల ఘటన వంటి మాటలతో నింపి ఇస్తే, చదువు వచ్చినవారు కూడా చివరి పేజీకి వెళ్లి, ఎక్కడ సంతకం పెట్టమంటారని అడుగుతారు. పత్రాన్ని మొదట మాట్లాడుకునే తెలుగులోనే రాయండి. ఎవరికి ఏ మందు వస్తుందో డాక్టరు కూడా ఎంచుకోలేడని, చీటీ తీసినట్టుగా తేలుతుందని చెప్పండి. ప్లాసిబో ఉంటే, చూడటానికి మాత్రలాగే ఉన్నా అందులో మందు ఉండదని చెప్పండి. ఆ వాక్యాలను ఆశా కార్యకర్తకు వినిపించి, ఆమె తన మాటల్లో తిరిగి చెప్పగలదో లేదో చూడండి. చెప్పలేకపోతే లోపం మీ పత్రంలో ఉన్నట్టు.

చెప్పిన వెంటనే సంతకం అడగవద్దు. ఇంటికి వెళ్లి మాట్లాడుకుని రావడానికి కనీసం ఒక రాత్రి గడువివ్వండి. తిరిగి వచ్చాక, అర్థమైందా అని అడగవద్దు. ఆ ప్రశ్నకు అందరూ అర్థమైందనే అంటారు. దానికి బదులు ఇలాంటివి అడగండి: ఈ మందు మీ జబ్బు తగ్గిస్తుందని మాకు ముందే తెలుసా? మధ్యలో వద్దనిపిస్తే ఏం చేస్తారు? చేరకపోతే ఈ ఆసుపత్రిలో మీకు వైద్యం అందుతుందా? ఏదైనా అయితే ఎవరికి ఫోన్ చేస్తారు? జవాబులు సరిగా రాకపోతే మళ్లీ వివరించాలి, అప్పటికీ రాకపోతే చేర్చుకోకూడదు. మీరు ఎలా చెబితే అలాగే సార్ అన్న మాట మర్యాదకొద్దీ వచ్చేది. దాన్ని సమ్మతిగా నమోదు చేసుకోకండి. చికిత్స చేసే వైద్యుడే పరిశోధకుడైనప్పుడు ఈ ప్రమాదం రెట్టింపవుతుంది కాబట్టి, వివరించే పని మరొకరు చేయడం మంచిది.

చదవడం రానివారి విషయంలో, పరిశోధన బృందంతో సంబంధం లేని, చదువు వచ్చిన సాక్షి మొదటి నుంచి చివరి దాకా కూర్చుని సంతకం చేయాలి. పని ముగిశాక పిలిపించి సంతకం చేయించుకున్న వార్డుబాయ్ సాక్షి కాడు. పత్రం ప్రతిని ఇంటికి ఇచ్చి పంపాలి. కొత్త రసాయన పదార్థాలపై జరిగే క్లినికల్ ట్రయల్స్‌లో దుర్బల వర్గాల వారి సమ్మతి ప్రక్రియను ఆడియో-వీడియో రికార్డు చేయడం తప్పనిసరి. హెచ్‌ఐవీ, కుష్ఠు మందుల ప్రయోగాల్లో ముఖం బయటపడకూడదు కాబట్టి ఆడియో మాత్రమే చాలు. కెమెరా వెలిగించే ముందు దానికీ అనుమతి అడగండి. కెమెరా ముందు బిగుసుకుపోయి తలూపే మనిషి వీడియో మిమ్మల్ని కాపాడుతుందేమో గానీ, ఆ మనిషిని కాపాడదు.

పిల్లల విషయంలో తల్లిదండ్రుల సమ్మతికి తోడు పిల్లల అంగీకారం కూడా కావాలి: 7 నుంచి 12 ఏళ్ల వరకు నోటిమాటగా, 12 నుంచి 18 ఏళ్ల వరకు రాతపూర్వకంగా. అధ్యయనం సాగుతుండగా 18 నిండితే వారి సొంత సమ్మతి తీసుకోవాలి. బిడ్డ వద్దన్నప్పుడు ఆ మాటను తల్లిదండ్రుల సంతకం కొట్టివేయకూడదు. ప్రాణాపాయం తప్పించే చికిత్స మరెక్కడా దొరకని అరుదైన సందర్భం మాత్రమే దీనికి మినహాయింపు. హాస్టల్‌లో ఉన్న పిల్లల తల్లిదండ్రులను చేరడానికి దసరా, సంక్రాంతి సెలవులు ఉన్నాయి, తల్లిదండ్రుల సమావేశాలు ఉన్నాయి, ఊరికి వెళ్లే బస్సులు ఉన్నాయి. వీటన్నిటికీ అయ్యే ఖర్చును బడ్జెట్‌లో మొదటే రాసుకోండి. ఆ పద్దు లేకపోవడం వల్లే తరువాత వార్డెన్ సంతకం గుర్తుకొస్తుంది.

ఆరో దశ: డబ్బు

2011లో గుంటూరు జిల్లా పిడుగురాళ్లకు చెందిన పేద మహిళలను డబ్బు ఆశచూపి హైదరాబాద్‌లో ఔషధ ప్రయోగాలకు తీసుకువెళ్లిన ఉదంతం బయటపడింది. దాంతో కొందరు, పేదలకు డబ్బు ఇవ్వడమే తప్పని తీర్మానించారు. నేను ఒప్పుకోను. కూలి పోగొట్టుకుని, బస్సు ఎక్కి వచ్చిన మనిషికి ఏమీ ఇవ్వకపోతే పరిశోధన ఖర్చును ఆమె చేత భరింపజేసినట్టే. ప్రయాణం, భోజనం, పోయిన కూలి, వెంట వచ్చినవారి కూలి ఇవ్వాలి, వచ్చినరోజే ఇవ్వాలి. మధ్యలో మానేసినా అప్పటి వరకు రావలసింది ఇవ్వాలి. చివరి విజిట్‌కు మాత్రమే పెద్ద మొత్తం ముడిపెట్టడం ఇష్టంలేనివారిని కట్టిపడేయడమే. తలకింత అని కమీషన్ తీసుకునే మధ్యవర్తిని మాత్రం ఏ పరిస్థితిలోనూ పెట్టుకోవద్దు. ప్రమాదం ఎక్కువ కాబట్టి డబ్బు ఎక్కువ ఇద్దామన్న ఆలోచన వస్తే, పెంచవలసింది డబ్బు కాదు, తగ్గించవలసింది ప్రమాదాన్ని.

ఏడో దశ: నడుస్తున్నప్పుడు

తీవ్రమైన ప్రతికూల ఘటన, అంటే మరణమో ఆసుపత్రిలో చేరవలసిన పరిస్థితో, జరిగిన 24 గంటల్లోపు పరిశోధకుడు కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థకు, ట్రయల్ జరిపించే స్పాన్సర్‌కు, ఎథిక్స్ కమిటీకి తెలియజేయాలి. 14 రోజుల్లో విశ్లేషణతో నివేదిక ఇవ్వాలి. గాయపడినవారికి అవసరమైనంత కాలం, లేదా దానికి ట్రయల్‌తో సంబంధం లేదని తేలేవరకు, ఉచిత వైద్యం అందించాలి. ఈ నియమాలు కాగితం మీద బాగానే ఉన్నాయి. చింతూరు దగ్గర ఒక ఊళ్లో రాత్రిపూట బిడ్డకు ఫిట్స్ వస్తే ఆ కబురు మీ దాకా ఎలా చేరుతుందన్నది నియమాల్లో ఉండదు. సిగ్నల్ లేని ఊళ్ల జాబితా, ఏఎన్ఎంకు ముందే చెప్పి ఉంచిన లక్షణాలు, పీహెచ్‌సీ వైద్యుడితో ఏర్పాటు, రాత్రి వాహనం ఖర్చు, ఇవన్నీ తొలి వ్యక్తి చేరకముందే సిద్ధంగా ఉండాలి. వారం వారం మీరే వెళ్లి అడగాలి. ఫిర్యాదు రాలేదు కాబట్టి హాని లేదనుకోవడం ఇటువంటి చోట్ల చెల్లదు.

గోప్యత విషయంలో చిన్న ఊళ్లకు వేరే కొలత కావాలి. పేరు తీసేసి, ఊరు, తెగ, వయసు, జబ్బు ప్రచురిస్తే యాభై గడపల గూడెంలో ఆ మనిషి ఎవరో ఇట్టే తెలిసిపోతుంది. సంస్థ బొమ్మ వేసిన జీపు హెచ్‌ఐవీ రోగి ఇంటి ముందు ఆగినా అంతే.

ఎనిమిదో దశ: ముగిశాక

మందు పనిచేసిందని తేలితే, పాల్గొన్నవారికి అది ఆ తరువాత ఎలా అందుతుందో ప్రోటోకాల్‌లోనే రాయాలి. ఎవరు ఖర్చు భరిస్తారు, ఎంతకాలం, ఏ ఆసుపత్రి ద్వారా అన్న వివరాలతో సహా. రాష్ట్ర ఆరోగ్య శాఖతో ముందే మాట్లాడుకోకపోతే ఇది జరగని పని. నిల్వ ఉంచిన రక్త నమూనాలను మరో అధ్యయనానికి వాడదలిస్తే దానికి విడిగా సమ్మతి ఉండాలి, లేకపోతే కమిటీ దగ్గరికి తిరిగి వెళ్లాలి.

ఫలితాలను పత్రికలో అచ్చువేసుకోవడంతో పాటు, పాల్గొన్నవారికి వారి భాషలో, వారి ఊళ్లో, వారికి కుదిరే రోజున చెప్పాలి. ఫలితం ప్రతికూలమైనా, మధ్యలో ఆగిపోయినా చెప్పాలి. ఆగిపోయినప్పుడు మరీ ముఖ్యం, ఎందుకంటే కారణం చెప్పకపోతే ఆ ఖాళీని పుకారు నింపుతుంది, తరువాత వచ్చే మామూలు టీకా బృందాన్ని కూడా ఊరు రానివ్వదు. ఈ సమావేశానికి ఎవరు వెళ్తారో, దానికి అయ్యే డబ్బు ఏ పద్దు కింద ఉందో, గ్రాంట్ గడువు ముగిశాక కూడా ఆ డబ్బు వాడుకునే వీలుందో లేదో దరఖాస్తు పెట్టేటప్పుడే తేల్చుకోండి.